మధ్యాహ్నాలు డాక్టరువి

మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు, అమెరికాలో, జార్జియా రాష్ట్రంలోని కమ్మింగ్‌లో ఒక కాలనీ గేటు ముందు, ఒక టర్కీ పుంజు రోడ్డు దాటింది. నేను కారు ఆపాను. నా వెనక కారు ఆగి, కాసేపటికి హారన్ కొట్టింది. పుంజు తొందరపడలేదు. ఎవరిదో పచ్చిక మీదికి ఎక్కి, మెడ చాచి అటూ ఇటూ చూసి, రెండు ఇళ్ళ మధ్య సందులోకి వెళ్ళిపోయింది.

నా పక్క సీట్లో ఒక స్టీలు గిన్నె ఉంది. నాన్న పోయి ఇంకా నెల కాలేదు. మా ఇంట్లో పొయ్యి వెలిగించని రోజుల్లో తెలిసినవాళ్ళు వంటలు తెచ్చి పెట్టారు. ఆ గిన్నెలు ఎవరివి వాళ్ళకి తిరిగి ఇచ్చే పని నాది. మామూలుగా అయితే అమ్మ ఎవరి గిన్నెనూ ఖాళీగా పంపదు. ఏమీ లేకపోతే చెంచాడు పంచదార అయినా వేసి పంపుతుంది. ఈసారి మాత్రం, "మైల ఇంటి నుంచి ఏదీ పెట్టి పంపకూడదమ్మా. కడిగి ఇచ్చెయ్. వాళ్ళకి తెలుసు" అంది.

ఆ కాలనీ ఉన్న గుట్ట నాకు బాగా తెలుసు. రోడ్లూ క్లబ్‌హౌసూ రాకముందు అది అడవి. నా చిన్నప్పుడు, వసంతకాలపు మధ్యాహ్నాల్లో, నాన్నా నేనూ ఆ గుట్ట మీద ఒక ఓక్ చెట్టుకి వీపు ఆనించి కూర్చుని టర్కీలను వేటాడేవాళ్ళం.

నాన్న ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ డాక్టరు. అందువల్ల మా ఇంట్లో పగలే రాత్రి. కిటికీలకు మందపాటి తెరలు వేసి ఉండేవి. ఫోను మోగకుండా దాని మీద దిండు పెట్టేవాళ్ళం. అమ్మ మిక్సీ వెయ్యాలంటే దాన్ని గరాజ్‌లోకి తీసుకెళ్ళి, తువ్వాలు చుట్టి వేసేది. అల్లం వెల్లుల్లి వాసన అందుకని మా ఇంట్లో వంటగదిలో కంటే గరాజ్‌లోనే ఎక్కువ ఉండేది. నేను స్కూల్ బస్సు దిగేసరికి నాన్న లేచి, లుంగీలో, ఫిల్టర్ కాఫీ గ్లాసుతో వెనక మెట్ల మీద కూర్చుని ఉండేవాడు. మిగతా ఇళ్ళలో మధ్యాహ్నం అయ్యే వేళకి మా ఇంట్లో తెల్లవారేది.

ఆ గుట్ట పెద్దాయనది. ఆయన మా ఇంటికి మొదటిసారి ఆ వేళకే వచ్చాడు. పేరు చెప్పను. ఇంట్లో మేం పేరు పెట్టి పిలవలేదు కూడా. ఆయన భార్యకి ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరితే, ఆసుపత్రిలో కొన్ని రాత్రులు నాన్న చూశాడు. ఆమె కోలుకుని ఇంటికి వెళ్ళాక, ఆమె చేసిన అడవి రేగుపళ్ళ జామ్ సీసా పట్టుకుని వచ్చి, టోపీ తీసి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. నాన్న లోపలికి రమ్మన్నాడు. చెప్పులు విప్పాలేమోనని మా చెప్పుల వరస చూసి, అడక్కుండానే బూట్లు విప్పాడు. మేజోళ్ళకి చిల్లులున్నాయి. ఆయన వాటిని దాచుకోలేదు.

ఆయనది జార్జియా పల్లె ఇంగ్లీషు, సాగదీసి పలికేవాడు. నాన్నది కర్నూలు యాస ఇంగ్లీషు. ఒకరి మాట ఒకరికి సగమే అర్థమయ్యేది. అయినా ఆ రోజు చాలాసేపు మాట్లాడుకున్నారు. నల్లమల అంచున తన మేనమామతో కలిసి కౌజుపిట్టల వేటకి వెళ్ళిన సంగతి నాన్న చెప్పాడు. పెంపుడు కౌజుని చిన్న పంజరంలో పెట్టి పొదల్లో ఉంచుతారు. అది కూస్తుంది. అడవి కౌజు ఆ కూత విని వస్తుంది. నాన్న ఇది చేతులు తిప్పుతూ చెబుతుంటే పెద్దాయన కాఫీ తాగడం ఆపి విన్నాడు.

"మేం చేసేదీ అదే డాక్" అన్నాడు, డాక్టర్ అనే మాటని కుదించి. "ఒక గొంతు, ఒక అబద్ధం, కదలకుండా కూర్చోవడం."

నాన్న నవ్వాడు. ఆయన అలా పైకి నవ్వడం నేను అంతకుముందు ఎక్కువ చూడలేదు.

"మా గుట్టకి రా" అన్నాడు పెద్దాయన. "పొద్దున పూట మా తమ్ముడి కొడుకులది. మధ్యాహ్నం నీది."

ఆయన వెళ్ళాక అమ్మ సీసా మూత తిప్పి వాసన చూస్తూ, "పొద్దున వాళ్ళవాళ్ళకి, మధ్యాహ్నం మనకా? పంక్తి లేచాక మిగిలింది వడ్డించినట్టుంది" అంది.

"పొద్దున నేను నిద్రపోతాను కదా" అన్నాడు నాన్న.

"మీకు అన్నీ అలాగే బావుంటాయి."

మధ్యాహ్నం మిగిలిపోయినది కాదని నాకు తర్వాత తెలిసింది. పొద్దున పుంజు చుట్టూ పెట్టలుంటాయి. ఎంత పిలిచినా పుంజు రాదు, ఉన్నవాటిని వదిలి ఎందుకు వస్తుంది? మధ్యాహ్నం అయ్యేసరికి పెట్టలు ఒక్కొక్కటే జారుకుని గుడ్ల మీద కూర్చోవడానికి వెళ్ళిపోతాయి. పుంజు ఒంటరిది అవుతుంది. అప్పుడు ఎక్కడో ఒక పెట్ట గొంతు వినపడితే నడిచి వస్తుంది. పొద్దుటిలా అరుచుకుంటూ రాదు. చప్పుడు లేకుండా వస్తుంది. అందుకే మధ్యాహ్నం వేటకి ఓపిక ఉన్నవాళ్ళే పనికొస్తారని పెద్దాయన అనేవాడు. మూడు రాత్రులు వరసగా డ్యూటీ చేసి వచ్చిన మనిషికి ఊరికే కూర్చోవడం కంటే కావలసింది ఏముంటుంది?

మొదటి రోజు ఆయన మా బట్టలు పరీక్షగా చూశాకే అడవిలోకి పంపాడు. ఎరుపు, తెలుపు, నీలం ఒంటి మీద ఎక్కడా ఉండకూడదు. పుంజు తల ఆ మూడు రంగుల్లోనే ఉంటుంది. పొదల్లో ఆ రంగు కదిలితే ఇంకో వేటగాడు మనిషినే పుంజు అనుకుని కాల్చవచ్చు. ఆయన నా మొహం చూసి, తన నుదురు వేలితో చూపించి, "అది కూడా" అన్నాడు. మర్నాడు ఉగాది. అమ్మ ముందే తల స్నానం చేయించి ఎర్ర బొట్టు పెట్టి పంపింది.

ఇంటికి వచ్చి చెబితే అమ్మకి కోపం వచ్చింది. "పండగ పూట ఆడపిల్ల నుదురు బోడిగానా? ఆ అడవిలో ఎవరు కాలుస్తారట?"

"కాల్చరు. కానీ కాల్చకపోవడానికి కారణం మనం ఇవ్వాలి కదా" అన్నాడు నాన్న.

చివరికి కాటుకతో చిన్న నల్ల చుక్క పెట్టింది. ఆ వసంతమంతా నేను ఆ నల్ల చుక్కతోనే వేటకి వెళ్ళాను. తలకి రాసిన కొబ్బరినూనె మాత్రం మాననక్కర్లేకపోయింది. టర్కీకి వాసన తెలియదు. పులిహోర పొట్లం పక్కన పెట్టుకున్నా ఫర్వాలేదు. దానికి చూపుంది. వేలు కదిపినా చూస్తుంది.

పిలిచే పని నాది. పెద్దాయన నాకు ఒక చెక్క డబ్బా ఇచ్చాడు. అరచేతి కంటే కాస్త పొడవు, పైన పలచటి మూత. ఆ మూతని అంచు మీద మెల్లగా జరిపితే పెట్ట పిలిచినట్టు ఉంటుంది. నాన్న వేళ్ళు లావు, ఆయన జరిపితే తలుపు కిర్రుమన్నట్టు ఉండేది. నేను జరిపితే పెట్ట. మూత అడుగున సుద్ద రాయాలి. ఆయనిచ్చిన సుద్ద అయిపోతే అమ్మ ఇండియా నుంచి తెచ్చుకున్న ముగ్గుసుద్ద రాశాం. అది ఇంకా బాగా పలికింది. ఆ సంగతి చెబితే పెద్దాయన ఒక ముక్క అడిగి జేబులో వేసుకున్నాడు.

భుజాల కంటే వెడల్పైన చెట్టు చూసి కూర్చోవాలి. పైన్ పుప్పొడి పసుపు పిండిలా చొక్కా మీద పడేది. చీమలు పాకేవి. దురద పెట్టినా గోక్కోకూడదు. నాన్న పెదవులు కదపకుండా మాట్లాడేవాడు.

"మూడుసార్లు పిలువు తల్లీ. ఇంక ఆపు."

"రాలేదు కదా డాడీ."

"ఎక్కువ పిలిస్తే అనుమానం వస్తుంది. వాడే వెతుక్కోవాలి."

అప్పుడు నాన్న అరచెయ్యి మాత్రం ఎండాకుల్లో కదిపేవాడు, పెట్ట గింజల కోసం గీరినట్టు. ఆ ఆకుల కింద తడి మట్టి వాసన లేచేది. ఒక్కోసారి నాన్న కూర్చునే నిద్రపోయేవాడు. నేను లేపేదాన్ని కాదు. ఆ మధ్యాహ్నాల్లో చాలావాటిలో మేం ఏమీ చంపలేదు. ఒకసారి నాకు ఆకలేసి, నాన్న నిద్రలో ఉండగా పులిహోరలో పల్లీలన్నీ ఏరుకుని తిన్నాను. లేచి చూసి, "టర్కీ వచ్చి తినిపోయిందా?" అన్నాడు.

మొదటి పుంజు వచ్చినప్పుడు నాకు ముందు కనపడింది దాని తలే. నీడలో నుంచి నీడలోకి వచ్చింది. తోక విప్పింది, ముడిచింది. రొమ్ము మీద కుచ్చు వేలాడుతోంది. వసంతంలో ఆ కుచ్చు ఉన్నదాన్నే కాల్చాలి. నేను పిలిచిన పెట్ట కోసం అది మా వైపే చూస్తోంది. నాన్న కాల్చాడు. నా చెవులు గింగురుమన్నాయి. లేచి వెళ్ళి చూశాక తెలిసింది, దూరం నుంచి నల్లగా కనిపించిన ఈకల్లో రాగి రంగు ఉందని. నేను దాన్ని పిలిచాను కాబట్టి వచ్చిందని అప్పుడు అనిపించింది. ఆ మాట నాన్నతో అన్నాను.

"అవును" అన్నాడు. "అందుకే వృథా చెయ్యకూడదు."

వృథా చెయ్యలేదు. పెద్దాయన వరండాలో మంచినీళ్ళ పైపు దగ్గర తోలు తీయడం నాన్నకి నేర్పాడు. రొమ్ము మాంసం వాళ్ళ పద్ధతిలో పిండి అద్ది వేయించడానికి వాళ్ళకి సగం ఇచ్చాం. తొడలు మేం తెచ్చుకున్నాం. వాళ్ళు ఆ తొడలు గట్టిగా ఉంటాయని పారేస్తారట. అమ్మ కుక్కర్‌లో కూతలు లెక్కపెట్టడం మానేసి ఉడికినంతసేపు ఉడికించి, గసగసాలూ ఎండుకొబ్బరీ నూరి, నాటుకోడి పులుసులా పెట్టింది. ఆ సాయంత్రం నాన్న డ్యూటీకి వెళ్ళేముందు మూడుసార్లు వడ్డించుకున్నాడు. మర్నాడు ఒక స్టీలు గిన్నెలో పెద్దాయనకి పట్టుకెళ్ళాం. ఆయన మొక్కజొన్న రొట్టె నంజుకుని తింటుంటే నుదుటి మీద చెమటలు పట్టాయి. ఆయన భార్య పక్కనే మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడి, "ఆపవయ్యా, ఆపు" అని నవ్వింది. ఆయన ఆపలేదు.

రెండు రోజుల తర్వాత గిన్నె మా గుమ్మంలోకి వచ్చింది. దాని నిండా ఉప్పేసి ఉడికించిన వేరుశెనక్కాయలు. ఇంకా వేడిగా ఉన్నాయి.

"చూశారా, వీళ్ళకీ తెలుసు గిన్నె ఖాళీగా పంపకూడదని!" అంది అమ్మ. ఆ రోజు నుంచి ఆమె 'వాళ్ళు' అనడం మానేసి 'మన పెద్దాయన' అనడం మొదలుపెట్టింది. ఆ గిన్నె ఆ వసంతం, ఆ వేసవి రెండు ఇళ్ళ మధ్యా తిరిగింది. పులుసు వెళ్ళేది, టమాటాలు వచ్చేవి. గారెలు వెళ్ళేవి, పీచ్ పళ్ళు వచ్చేవి. నింపి పంపేది ఎప్పుడూ ఆయన భార్యే. ఆమె చేతిరాతతో ఒక చిన్న చీటీ ఉండేది, 'వేడి చేసుకోండి' అని.

ఆ చలికాలం మేం ఇండియా వెళ్ళాం. తిరిగి వచ్చేసరికి పెద్దాయన భార్య పోయింది. ఖననం కూడా అయిపోయింది. నాన్న వెళ్ళి పలకరించి వచ్చాడు. పెద్దాయన "టర్కీల కాలం వస్తోంది డాక్" అన్నాడట.

ఉగాది తర్వాత వచ్చిన ఆదివారం మా ఇంట్లో భోజనాలు పెట్టుకున్నాం. అప్పటికి కమ్మింగ్‌లో తెలుగువాళ్ళు తక్కువ. ఎవరింట్లో భోజనాలైనా అందరూ వచ్చేవాళ్ళు. పక్క ఊరు అల్ఫారెట్టా నుంచి కూడా వచ్చేవాళ్ళు. అమ్మ ఫ్రీజర్‌లో దాచిన పోయినేటి టర్కీ తొడలు తీసి పులుసు పెట్టింది. అందరూ లొట్టలేసుకుంటూ తిన్నారు. ఏ స్టోర్‌లో దొరికిందని అడిగారు. నాన్న చెప్పాడు. రాత్రి డ్యూటీ వల్ల ఎవరితోనూ ఎక్కువ కలవని మనిషి, ఆ రోజు నిలబడి, చెక్క డబ్బా తెప్పించి, నాతో పిలిపించి చూపించాడు.

అందరిలో ఒక అంకుల్ ప్లేటు పట్టుకుని దగ్గరికి వచ్చాడు. సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరు. అప్పుడే చేతికి వచ్చిన డబ్బుతో స్థలాలు కొనడం మొదలుపెట్టాడు.

"అబ్బ, ఏం రుచండీ డాక్టరుగారూ! ఎన్ని ఎకరాలుంటుందండీ అడవి?"

"వంద పైనే. వాగు దాకా వాళ్ళదే."

"వాగు కూడానా? రోడ్డు ఫేసింగా?"

"తెలియదండీ. నేను రోడ్డు చూడలేదు ఎప్పుడూ."

"మీరు పక్షుల్ని చూస్తారు. మేం రోడ్లు చూస్తాం" అని అంకుల్ నవ్వాడు. అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వాడు. "ఒకసారి నన్నూ తీసుకెళ్ళండి. వేట అంటే చిన్నప్పట్నుంచీ పిచ్చి నాకు."

మన వంట తిని, మెచ్చుకుని, నోరు తెరిచి అడిగిన మనిషికి కాదని చెప్పడం నాన్నకి రాదు. పెద్దాయనని అడిగాడు. "నీ స్నేహితుడైతే చాలు, తీసుకురా" అన్నాడాయన.

అంకుల్ కొత్త ఆకుల రంగు చొక్కాలో వచ్చాడు. మెడ దగ్గర ధర చీటీ ఇంకా వేలాడుతోంది. చెట్టు కింద కూర్చున్నాక కదలకుండా ఉండలేకపోయాడు.

"ఈ లైను అటువైపు కూడా వీళ్ళదేనా అండీ?"

"ష్" అన్నాడు నాన్న.

"వాటర్ లైన్ వచ్చిందా ఇక్కడికి?"

నేను పిలిచాను. పుంజు వచ్చింది. చాలా దగ్గరికి వచ్చింది. అప్పుడే అంకుల్ ఫోను మోగింది. ఆయన దాన్ని మడతవిప్పి, గొంతు తగ్గించి, "మీటింగ్‌లో ఉన్నా" అన్నాడు. పుంజు లేదు. నాన్న తుపాకి పక్కన పెట్టి పులిహోర పొట్లం విప్పాడు.

తిరిగి వచ్చేటప్పుడు అంకుల్ వరండాలో పెద్దాయనతో చాలాసేపు కూర్చున్నాడు. పిల్లలెంతమంది అని అడిగాడు. లేరన్నాడు పెద్దాయన. మరి ఇదంతా ఎవరు చూసుకుంటారని అడిగాడు. తమ్ముడు పోయాడనీ, సగం అతని కొడుకులదనీ చెప్పాడు పెద్దాయన. అడిగినదానికి జవాబు చెప్పడం ఆయన పద్ధతి. మేం కారెక్కుతుంటే నాన్నతో, "అతను వేటగాడేనా?" అన్నాడు.

"నేర్చుకుంటున్నాడు" అన్నాడు నాన్న.

ఎండాకాలం మొదట్లో ఎవరిదో పిల్లాడి పుట్టినరోజు పార్టీలో ఆ సంగతి మాకు తెలిసింది. అంకుల్ మా దగ్గరికి వచ్చి రెండు చేతులూ పట్టుకుని నాన్నని పక్కకి తీసుకెళ్ళాడు. పెద్దాయన తమ్ముడి కొడుకులు తమ భాగం అంకుల్‌కి అమ్మడానికి ఒప్పుకున్నారట. రోడ్డు వాళ్ళ భాగంలోనే ఉంది. అది పోతే ముసలాయన భాగానికి దారి ఉండదు కాబట్టి ఆయన కూడా ఇవ్వక తప్పదట. బతికినన్నాళ్ళూ ఆ పాత ఇంట్లో ఉండొచ్చని రాసిస్తారట.

"అంతా మీ చలవేనండీ డాక్టరుగారూ. మొదటి ప్లాట్ మీదే. మీరు కాదనకూడదు."

నాన్న కాదన్నాడు. కారణం చెప్పలేదు.

మర్నాడు మధ్యాహ్నం అమ్మ ఫ్రీజర్‌లో చివరి పొట్లం తీసి పులుసు పెట్టి, ఆ పాత స్టీలు గిన్నెలోనే పోసి ఇచ్చింది. నేనూ వెళ్ళాను. పెద్దాయన వరండాలో ఉన్నాడు. నాన్న మెట్ల కిందే ఆగాడు.

"నువ్వు అతన్ని వేటకి తెచ్చావా డాక్, భూమి చూడటానికి తెచ్చావా?"

"వేటకే."

పెద్దాయన చాలాసేపు నాన్న మొహంలోకి చూశాడు. "నమ్ముతాను" అన్నాడు. "కానీ తెచ్చింది నువ్వే."

తర్వాత దిగివచ్చి గిన్నె అందుకున్నాడు. మూత తీసి వాసన చూశాడు. నా వైపు చూసి తల పంకించాడు. లోపలికి వెళ్ళిపోయాడు.

వారం తర్వాత గిన్నె మా మెట్ల మీద ఉంది. శుభ్రంగా తోమి ఉంది. లోపల ఏమీ లేదు. చీటీ లేదు. నాన్న డ్యూటీ నుంచి వచ్చి దాన్ని చూసి, మూత తీసి, మళ్ళీ పెట్టాడు. అమ్మ వంటగదిలోంచి వచ్చింది.

"ఖాళీగా పంపాడా?" అంది.

ఆ గిన్నెని అమ్మ పై అరలో పెట్టింది. మళ్ళీ వాడలేదు.

తర్వాతి వసంతంలో అడవి ఇంకా అలాగే ఉంది. కాగితాల పని తెమిలేదాకా చెట్లు కొట్టరని తెలుసు. పైన్ పుప్పొడి వచ్చింది. నేను స్కూల్ బస్సు దిగి చూస్తే నాన్న వెనక మెట్ల మీద కాఫీ తాగుతూ ఉండేవాడు.

"వెళ్దామా డాడీ?" అని అడిగాను.

"రమ్మనని చోటికి వెళ్ళకూడదు తల్లీ" అన్నాడు. "గిన్నెతో చెప్పాడు కదా."

ఆ ఎండాకాలంలో భూమిపూజ చేశారు. నాన్నని పిలిచారు. అమ్మ వద్దంది. "పిలిచాక వెళ్ళకపోతే, ప్లాట్ రాలేదని అలిగాడంటారు" అని నాన్న వెళ్ళాడు, నన్నూ తీసుకెళ్ళాడు. ఓక్ చెట్టుకి కాస్త దూరంలో టెంటు వేశారు. పూజారిగారు అందరి నుదుటా కుంకుమ పెట్టారు. నాన్న నుదుటా పెట్టారు. అంకుల్ మైకులో నాన్న పేరు చెప్పి, ఈ చోటు చూపించింది ఆయనేనని చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అటు పాత ఇంటి వరండా కనిపిస్తోంది. నాన్న నుదుటి మీద ఆ ఎరుపు నాకు గుర్తుంది. ఆ గుట్ట మీద మేం ఎప్పుడూ ఆ రంగుతో కూర్చోలేదు.

చెట్లు నెల లోపే కొట్టేశారు. తర్వాత దేశమంతా ఇళ్ళు కొనేవాళ్ళు లేకుండా పోయారు, బ్యాంకులు డబ్బు ఆపేశాయి. పని ఆగిపోయింది. ఏళ్ళ తరబడి ఆ గుట్ట బోడిగా, ఎర్రమట్టితో ఉండిపోయింది. వాన పడితే ఆ మట్టి కొట్టుకువచ్చి వాగు ఎర్రగా పారేది. అడవీ లేదు, ఊరూ లేదు. పెద్దాయన వరండా ముందు కనిపించింది చివరిదాకా అదే. రెండో చలికాలంలో ఆయన పోయాడు.

వాళ్ళ చర్చిలో మేం వెనక బల్ల మీద కూర్చున్నాం. అయిపోయాక ఆయన తమ్ముడి పెద్ద కొడుకు మా దగ్గరికి వచ్చాడు. నాన్న చెయ్యి పట్టుకుని, "మధ్యాహ్నం డాక్టరు మీరేనా?" అన్నాడు.

నాన్నకి అర్థం కాలేదు.

"మా పెదనాన్న మమ్మల్ని పన్నెండు దాటాక గుట్ట మీద ఉండనిచ్చేవాడు కాదు. మధ్యాహ్నాలు డాక్టరువి అనేవాడు. చెట్లు కొట్టే ముందు, ఆ ఆఖరి వసంతం కూడా అంతే. మమ్మల్ని దించేసి, వరండాలో కూర్చుని రోడ్డు వైపు చూసేవాడు. మీరు ఎందుకు రాలేదు?"

నాన్న "గిన్నె" అన్నాడు. అతనికి అర్థమయ్యేలా చెప్పడానికి ప్రయత్నించలేదు.

"పెద్దమ్మ పోయాక ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు" అన్నాడు అతను, వేరే ఏదో గుర్తొచ్చినట్టు. "డబ్బాల్లో తిండి తినేవాడు. మీరు పంపిన ఆ కారం కూర గురించి మాత్రం చెప్పేవాడు."

ఇంటికి వచ్చి నాన్న ఈ మాటలన్నీ అమ్మకి చెప్పాడు. అమ్మ స్టూలు ఎక్కి పై అరలోంచి గిన్నె దించింది. దించి, ఏం చెయ్యాలో తెలియక, బల్ల మీద పెట్టి దాని ముందు కూర్చుంది. తుపాకి నాన్న అమ్మేశాడు. ఆ తర్వాత ఎప్పుడూ వేట మాట ఎత్తలేదు. చెక్క డబ్బా ఏమైందో నాకు తెలియదు. ఇప్పుడు ఆయన వస్తువులు సర్దుతూ వెతికాను, దొరకలేదు.

పుంజు దాటాక నేను కారు పోనిచ్చి, అంకుల్ వాళ్ళ ఇంటి ముందు ఆపాను. ఈ గిన్నె వాళ్ళది. గుట్టని కోసి చదును చేశారు కాబట్టి ఓక్ చెట్టు ఎక్కడుండేదో సరిగ్గా చెప్పలేను. వాళ్ళ ఇల్లు దానికి దగ్గర్లోనే ఉండాలి. అంకుల్ ఇప్పుడు రిటైరయ్యాడు. మోకాళ్ళ ఆపరేషన్ అయి, కర్ర పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు.

"రామ్మా, రా. కారు బయట పెట్టావా? ఆ టర్కీగాడు ఉన్నాడు జాగ్రత్త. నిన్న నా కొత్త కారు డోరంతా పొడిచేశాడు. నాన్నగారుంటే అడిగేవాణ్ణి, వాటి సంగతి ఆయనకే తెలుసు కదా. ఎవర్ని పిలవాలంటావు?"

"ఎవర్నీ పిలవక్కర్లేదు అంకుల్. డోర్‌లో తన నీడ చూసి ఇంకో పుంజు అనుకుంటుంది. మే నెల దాటితే మానేస్తుంది."

"అంతేనంటావా?" అని, "దేవుడిలాంటి మనిషమ్మా. ఈ కాలనీ అంతా ఆయన చలవే" అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. ఆ కన్నీళ్ళు అబద్ధం కాదు. ఆయనకి ఇప్పటికీ ఏమీ తెలియదు. నాన్న చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

ఆంటీ గిన్నె అందుకుంది. మూత తీసి చూసింది, ఖాళీగా ఉంది. రెండు చేతులతో పట్టుకుని లోపల పెట్టి వచ్చి, "అమ్మ తింటోందా?" అని అడిగింది. ఆమె తప్పుగా ఏమీ అనుకోలేదు. మా ఇంట్లో మనిషి పోయారని ఆమెకు తెలుసు. మనిషి పోయిన ఇంటి నుంచి గిన్నె ఖాళీగానే వస్తుందని మాకూ తెలుసు. మా అమ్మకి వాళ్ళ అమ్మ చెప్పింది. పెద్దాయన ఇంట్లో కూడా మనిషి పోయిందని, గిన్నె నింపి పంపేది ఆమేనని, అమ్మకీ నాన్నకీ నాకూ తెలుసు. ఆయన గిన్నె దగ్గర మాత్రం అది ఎవరికీ గుర్తు రాలేదు.

బయటికి వచ్చేసరికి పుంజు నా కారు పక్కన నిలబడి ఉంది. తోక విప్పి, తలుపులో కనిపించే దాన్ని చూస్తోంది. ఈ వేళకి పెట్టలు గూళ్ళకి వెళ్ళిపోయి ఉంటాయి. అది వెళ్ళేదాకా మెట్ల మీద నిలబడ్డాను.

ఆ గుట్ట మీద ఇప్పుడు మధ్యాహ్నం పూట టర్కీని ఎవరూ పిలవరు.